పలచని పలక – లోపలి బద్దలు



మన పల్లె సంఘాలలో ఒకప్పుడు తబలా, హార్మోనియం, కంజీర, తాళాలు ఉంటే చాలు, ఆరాధన నిండుగా సాగిపోయేది. ఇప్పుడు అనేక సంఘాలలో గిటారు కూడా చేరింది. యౌవనస్థులు దానిని ఇష్టపడతారు. పెద్దలలో కొందరు ఇంకా అనుమానంగానే చూస్తారు. వాయించడం గురించి ఈ నెల మనం మాట్లాడబోవడం లేదు. ఒక మనిషి తన ఇంటి కొట్టంలో కూర్చొని, చేతి పనిముట్లతో గిటారును ఎలా తయారుచేస్తాడో చూద్దాం. ఎదిగే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఆ పనిలో ఒక పాఠమున్నది.

ఎంత మందము?

గిటారుకు స్వరమిచ్చేది ముఖ్యంగా దాని పై పలక. దీనికి స్ప్రూస్ అనే చలి ప్రాంతపు చెట్టు కలపనుగాని, సీడర్ కలపనుగాని వాడతారు. ఒకే మొద్దునుండి కోసిన రెండు రేకులను పుస్తకం తెరిచినట్లు పక్కపక్కన ఉంచి, అంచుల మధ్య వెలుతురు కూడా దూరనంతగా చిత్రికపట్టి, బంకతో అతికిస్తారు. తరువాతది అసలు పని. ఆ పలకను కొద్దికొద్దిగా పలచన చేయాలి. సాధారణంగా అది 2 నుండి 3 మిల్లీమీటర్ల మందానికి దిగుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. నైలాన్ తీగల గిటారును శ్రుతి చేస్తే ఆరు తీగలూ కలిసి సుమారు 40 కిలోల బలంతో లాగుతాయి. ఉక్కు తీగలైతే అది సుమారు 70 కిలోలు. అంటే దాదాపు ఒక వడ్లబస్తా బరువు రాత్రింబగళ్లు ఆ పలచని పలకను లాగుతూనే ఉంటుంది! విరుగుతుందేమోనని భయపడి పలకను మందంగా ఉంచేస్తే అది విరగదు, నిజమే. కాని ఆ పలక పలకదు. తీగ మీటితే చెక్కపెట్టె మీద తట్టినట్లుంటుంది. పోనీ, బాగా మ్రోగాలని మరీ పలచన చేస్తే కొన్నాళ్లు చక్కగా మ్రోగి, తరువాత ఉబ్బి పగిలిపోతుంది.

అందుకే పనివాడు రెండూ చేస్తాడు. పలకను పలచన చేస్తాడు, లోపలివైపున సన్నని బద్దలు అతికించి బలమిస్తాడు. నైలాన్ తీగల గిటారులో ఆ బద్దలు విసనకర్ర పుల్లలవలె పరచుకొని ఉంటాయి. ఉక్కు తీగల గిటారులో ఇంటూ గుర్తువలె ఒకదానినొకటి దాటుతాయి. పెట్టె మూసిన తరువాత అవి ఎవరి కంటికీ కనబడవు. భారమంతా మోసేవి మాత్రం అవే.

అల్మేరియా వడ్రంగి

ఈ సంగతిని లోకానికి తేటగా చూపించినవాడు స్పెయిన్ దేశస్థుడు ఆంతోనియో దె తోర్రెస్. 1817లో అల్మేరియా పట్టణం దగ్గర పుట్టి, పన్నెండేళ్ల వయసులోనే వడ్రంగి దగ్గర పనికి చేరాడు. యౌవనంలోనే భార్యను, ఇద్దరు చిన్నారి కుమార్తెలను పోగొట్టుకున్నాడు. గిటార్లు చేసి పేరు తెచ్చుకున్న తరువాత కూడా, స్వస్థలానికి తిరిగివచ్చి బ్రతుకుదెరువుకు పింగాణీ సామాను దుకాణం పెట్టుకున్నాడు. అయినా గిటారు పని మరచిపోలేదు. మరల మొదలుపెట్టి, 1892లో చనిపోయేవరకు చేస్తూనే ఉన్నాడు. నేటి నైలాన్ తీగల గిటారుకు రూపమిచ్చినవాడు ఆయనే అంటారు.

1862లో ఆయన ఒక వింత పని చేశాడు. పై పలకను మాత్రం మంచి కలపతో చేసి, పక్కలను, వెనుక భాగాన్ని కాగితపు అట్టతో చేశాడు. గిటారు మంచితనం ఖరీదైన పక్కలలో కాదు, పై పలకలో ఉన్నదని చూపించడమే ఆయన ఉద్దేశం. ఆ అట్ట గిటారు బార్సిలోనాలోని సంగీత మ్యూజియంలో ఉన్నది. ఇంటి గోడలు పూరివైనా, మట్టివైనా సిగ్గుపడనక్కరలేదని మన కుటుంబాలకు ఇంతకన్నా ఎవరు చెప్పగలరు?

ఆయనను ఎరిగిన ఒక కతోలిక గురువు 1931లో వ్రాసిన ఉత్తరంలో మరొక సంగతి ఉన్నది. మీ రహస్యమేమిటని తోర్రెస్‌ను అడిగారట. అది తన బొటనవ్రేలి కొనలోను, చూపుడువ్రేలి కొనలోను ఉన్నదనీ, పలక సరిగా వచ్చిందో లేదో ఆ వ్రేళ్లు పట్టి చూస్తేనే తెలుస్తుందనీ ఆయన జవాబిచ్చాడట. కొలబద్ద ఉండాలి. కాని ఏ రెండు చెక్కలూ ఒక్కటి కావు. ఒకటి 2 మిల్లీమీటర్లకే చాలినంత గట్టిగా ఉంటుంది, మరొకటి ఇంకా మందం కోరుతుంది. చేతితో పట్టి చూడనివానికి అది తెలియదు.

వేడి లేకుండా వంచితే

గిటారు పక్కలకు, వెనుక పలకకు ప్రపంచమంతటా వాడే కలపలలో మన దక్షిణ భారతదేశపు జిట్రేగి ఒకటి. దీనినే ఇరుగుడు అని కూడా అంటారు. బ్రెజిల్ దేశపు రోజ్‌వుడ్ దొరకడం కష్టమైనప్పుడు, 1960ల చివరినుండి గిటారు పనివారు దీనివైపు తిరిగారు. సుమారు 2 మిల్లీమీటర్ల రేకుగా చేసినా దానిని వట్టి చేతులతో వంచితే ఫెళ్లున విరుగుతుంది. కాబట్టి తడిపి, బాగా కాలిన ఇనుప గొట్టానికి ఆనించి, మెల్లగా ఒత్తుతారు. కలప మెత్తబడిన క్షణం చేతికి తెలుస్తుంది. అప్పుడు అది తనంతట తానే వంగినట్లు వంగుతుంది. చల్లారేవరకు అచ్చులో బిగించి ఉంచితే ఆ వంపు నిలిచిపోతుంది.

తల్లిదండ్రులారా, ఇక మన ఇండ్లకు వద్దాం. కొన్ని ఇండ్లలో పలక మరీ మందము. తండ్రి గుమ్మంలో అడుగుపెడితే పిల్లల మాట ఆగిపోతుంది. ఆ ఇంట్లో క్రమమున్నది, పాట లేదు. కొన్ని ఇండ్లలో పలక మరీ పలచన. అడిగిందల్లా కొనిపెడతారు. ఎక్కడికి వెళ్లావని అడగరు. ఆదివారం ఎందుకు రాలేదని అడిగే సంఘ పెద్దమీదనే కోపపడతారు. ఆ బిడ్డపై జీవితపు బరువు పడిన రోజున లోపల మోసే బద్ద ఒక్కటీ ఉండదు.

ఇది తేలికగా తీసుకొనే విషయం కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తరువాత ఇరవైమందికి పైగా విద్యార్థులు తమ ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లిదండ్రుల దుఃఖంపై తీర్పు చెప్పడం మన పని కాదు. కాని మన బిడ్డ తప్పినా ఇంటికి రాగలడా, ఆ మాట మన ముఖం చూసి చెప్పగలడా అని మనలను మనం అడుగుకొందాం. కొత్త గిటారుకు తీగలు బిగించేవాడు ఒక్కసారిగా పూర్తి శ్రుతికి లాగడు. కొంచెం బిగించి, పలకను సర్దుకోనిచ్చి, మరల బిగిస్తాడు.

లోపలి బద్దలు ఒక్కరోజులో అతికేవి కావు. ప్రతి సాయంకాలము పది నిమిషాల కుటుంబ ప్రార్థన, అబద్ధమాడని తండ్రి మాట, పొరుగువారిని ఆడిపోసుకోని తల్లి నాలుక, కలిసి తినే రాత్రి భోజనం – ఇవే ఆ బద్దలు. చూడవచ్చిన బంధువులకు ఇవి కనబడవు. బరువు పడినప్పుడు మోసేవి మాత్రం ఇవే.

ఒక చిన్న మాట. మీ సంఘంలో గిటారు ఉంటే దానిని రేకుల కప్పు క్రింద ఎండవేడికి, వాన జల్లు కొట్టే కిటికీ దగ్గర చెమ్మకు వదిలేయకండి. సంచిలో పెట్టి నీడపట్టున ఉంచండి. వేడికి బంక విడిపోతుంది, చెమ్మకు పలక ఉబ్బుతుంది. అలాగే, మీ కుమారుడు చదువుతోపాటు ఉలి, చిత్రిక పట్టాలని ఆశపడితే చులకన చేయకండి. ప్రత్యక్షగుడారపు పనికి బెసలేలును దేవుడే తన ఆత్మతో నింపెనని నిర్గమకాండము 31వ అధ్యాయంలో చదువుతున్నాం. మన ప్రభువును కూడ నజరేతువారు వడ్లవానిగానే ఎరిగియుండిరి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఎఫెసీయులకు 6:4, కొలొస్సయులకు 3:21 చదవండి. ఆ రెండు వచనాలను పిల్లలచేత చదివించి, తల్లిదండ్రులు వినండి. మన చేతులకు పట్టి చూచే వివేకమును, వేచియుండే ఓర్పును ప్రభువు దయచేసి, మన బిడ్డలు విరుగక, మూగబోక, ఆయన మహిమకొరకు పాడునట్లు చేయును గాక. ఆమేన్.