మంచు కోసం జపాన్ దాకా ఎందుకు?

రీల్స్‌లో జపాన్ గుళ్ల మీద మంచు కురుస్తుంటే "ఒక్కసారైనా వెళ్లాలి రా" అనుకుంటాం. నేనూ అనుకున్నా. పోయిన డిసెంబర్లో తెల్లారకముందే ఆత్మకూరులో బస్సెక్కి ఉదయగిరిలో దిగాను. దుర్గం కొండ సగం పొగమంచులోనే ఉంది.

1514లో ఈ కోట గెలిచిన కృష్ణదేవరాయలు ఇక్కడి బాలకృష్ణుణ్ణి తీసుకెళ్లి, 1515లో హంపిలో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దేవుడు వెళ్లిపోయాక ఆ గుడికి మిగిలింది రాళ్లూ, నిశ్శబ్దమే. రాళ్ల మీద మనవాళ్లు పేర్లు చెక్కేశారు. నిశ్శబ్దం ఎవరిదో బ్లూటూత్ స్పీకర్‌తో పోయింది.

జపాన్ వెళ్తే అడుగు చప్పుడు కాకుండా నడుస్తాం కదా? ఆ మర్యాద మన కొండకెందుకు ఇవ్వం? ఈ చలికాలం వెళ్లండి. స్పీకర్ మాత్రం హాస్టల్లోనే వదిలేయండి.