డబ్బా విప్పకుండా మార్కులేంటి?

మొన్న ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఒక కొలీగ్ ఫోన్‌లో ఫొటో చూపించి "తొంభై స్కోరు పీసు బాసూ, సీల్ కూడా తియ్యలేదు" అని మురిసిపోయాడు. ఫొటోలో అక్రిలిక్ పెట్టె, దాని లోపల అట్టడబ్బా, ఆ డబ్బా లోపల ఆప్టిమస్ ప్రైమ్. "ట్రక్కుగా మారుస్తుంటే కీళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడిగాను. పెళ్ళిలో తద్దినం మంత్రం చదివినవాణ్ణి చూసినట్టు చూశాడు నన్ను.

ఈ టపా అతని మీద కాదు. అతనికి ఆ తొంభై మార్కులు వేసిన పద్ధతి మీద. ఆ పద్ధతిని నమ్మి నేనూ మునిగాను కాబట్టి నాలుగు మాటలనే హక్కు ఉందనుకుంటున్నా :)

మాది యారాడ. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. 2007లో ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమా వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. అప్పుడు బొమ్మ అడిగితే నాన్న నవ్వి ఊరుకున్నారు. ఆ కోరిక ఉద్యోగంలో చేరి బోనస్ చేతికొచ్చాక తీరింది. ట్రక్కుగా మారే రోబో, కలెక్టర్ల కోసం చేసిన పెద్దది, ఖరీదైంది. కంపెనీ పేరు, అమ్మినవాడి పేరు ఇక్కడ అనవసరం. ఫ్రెండ్స్ అందరూ ఒకటే మాట.. "విప్పకు, విప్పితే సగం రేటు పోతుంది". సరేనని తీసుకెళ్ళి ఊళ్ళో బీరువాలో పెట్టాను. మూడేళ్ళు.

మొన్న సంక్రాంతికి వెళ్తే నాన్న అడిగారు. "ఒరే, బొమ్మ కొనీసి బీరువాలో ఎట్టుకోడమేట్రా? తియ్యి, సూద్దాం." ఆయన స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఏ వస్తువైనా తిప్పి చూడందే ఊరుకోరు. విప్పాం. రోబోగా నిలబెడితే అద్భుతం. మాన్యువల్ ముందు పెట్టుకుని ట్రక్కుగా మార్చడం మొదలుపెట్టాం. గంటయింది. కాళ్ళు రెండూ దగ్గరకొచ్చి కలవాల్సిన చోట వేలెడు సందు. ఎంత నొక్కినా పూడదు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, టార్చి వేసి చూసి తేల్చేశారు. "రెండూ ఎడంకాలి పలకలేరా. కుడిది ఎయ్యనేదు."

అంటే ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడే తప్పు. అమ్మినవాడికి రాశాను. ముప్పై రోజుల్లోపు చెప్పాలండీ, గడువు దాటిపోయిందన్నాడు. రూలు ప్రకారం అతను కరెక్టే. నేను విప్పితే కదా చెప్పడానికి! మూడేళ్ళూ నా దగ్గరున్నది "మచ్చలేని సీల్డ్ పీసు". అప్పుడు దాన్ని గ్రేడింగుకి పంపి ఉంటే తొంభై వచ్చేదేమో కూడా. ట్రక్కుగా మారని ట్రక్కు రోబోకి!

మన భాషలో చెప్పాలంటే, కోడ్ ఒక్కసారి కూడా రన్ చెయ్యకుండా ఇండెంటేషన్ బాగుందని ప్రొడక్షన్‌కి ఓకే చెప్పడం. ఆఫీసులో ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా?

అసలీ బొమ్మల పుట్టుకే చూడండి. జపాన్‌లో టకారా కంపెనీ డయాక్లోన్, మైక్రో చేంజ్ అని అమ్ముతున్న బొమ్మల్ని 1984లో హాస్‌బ్రో అమెరికా తీసుకెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్స్ అని పేరు పెట్టింది. అవి అమ్ముడుపోయింది ఒక్క గుణం వల్లే, ఒకటి ఇంకోటి అవుతుంది. ఆ గుణాన్ని పరీక్షించకుండా ఇచ్చే మార్కులు అట్టడబ్బాకి వేసిన మార్కులే. మార్కెట్లో సీల్డ్ పీసుకి రేటెక్కువ, ఒప్పుకుంటా. కానీ రేటు వేరు, నాణ్యత వేరు. షేర్ ధర పెరిగినంత మాత్రాన ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్లో బగ్గులు పోతాయా?

"సీల్ తియ్యకపోతే కనీసం పాడవదు కదా" అంటారు. అదీ భ్రమే. బంగారు తళుకు కలిపిన ఒక రకం ప్లాస్టిక్ ఉంది, పాతబడితే దానంతట అదే పెళుసెక్కి బిస్కట్టులా విరుగుతుంది. 1988లో జపాన్‌లో వచ్చిన బ్లాక్ జారక్ దీనికి పేరు మోసింది. ఎవరూ ముట్టుకోకపోయినా సరే. 1985 జెట్‌ఫైర్ తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కడం కలెక్టర్లందరికీ తెలిసిన బాధ. ఇక మా యారాడ ఉప్పుగాలి సంగతి చెప్పక్కర్లేదు, కిటికీ బోల్టులే తుప్పు పట్టి రాలతాయి. నా రోబో మోకాలి స్టీలు పిన్ను చివర కూడా ఎర్రబడింది. అట్టడబ్బా సముద్రపు గాలిని ఆపుతుందా?

ఇంకో మూఢనమ్మకం బరువు. "చేతిలో పెడితే ఇటుకలా ఉంది, క్వాలిటీ!" అంటారు. 2003లో వచ్చిన మాస్టర్‌పీస్ ఎంపీ-01లో డైకాస్ట్ లోహం దండిగా ఉంది. 2011లో వచ్చిన ఎంపీ-10 దానికంటే చిన్నది, లోహమూ తక్కువే. అయినా తర్వాత వచ్చిన మాస్టర్‌పీస్ కార్ల సైజుకి కొలబద్ద అయింది ఎంపీ-10. లోహం ఎక్కువైతే ఆ బరువంతా మోయాల్సింది కీళ్ళే. పైగా మార్చేటప్పుడు లోహం రాసుకుంటే ముందు పోయేది పెయింటు.

ఐఎస్ఐ మార్కు ఉందిగా అనకండి. 2021 జనవరి నుంచి బొమ్మలకి అది తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ అది చూసేది పిల్లల భద్రత: పదునైన అంచులు, మంట అంటుకోవడం, సీసం లాంటి విషాలు. యాభైసార్లు మార్చాక తుంటి కీలు నిలబడుతుందా అన్నది దాని పని కాదు. అది రివ్యూ రాసేవాడి పని. ఆ పని జరగట్లేదు. డబ్బా అందిన రోజే విప్పి, ఒక్కసారి మార్చి, పది ఫొటోలు తీసి ఐదు నక్షత్రాలు. రెండోసారి మార్చినప్పుడు ఏమైందో ఎవడూ రాయడు.

మరెలా చూడాలి? నా మటుకు నేను ఇవి చూస్తాను. పదిసార్లు అటూ ఇటూ మార్చాక కీళ్ళు లూజయ్యాయా. మాన్యువల్ లేకుండా మూడోసారికి చేతికి అలవాటవుతుందా. ట్రక్కు పలకల మధ్య సందు ఎంత. ఏ అంచు దగ్గర పెయింటు రాసుకుంటోంది. ఒంటికాలి మీద ఒక రాత్రంతా నిలబడుతుందా. విరిగితే విడిభాగం దొరుకుతుందా. 2021లో రోబోసెన్ వాళ్ళు తమంతట తామే మారే ఆప్టిమస్ ప్రైమ్ తెచ్చారు. 27 సర్వో మోటార్లు, దాదాపు 700 డాలర్లు. దానికైతే ఇంకో ప్రశ్న కూడా: ఫోన్ యాప్ అప్‌డేట్లు ఆగిపోయిన రోజు ఆ బొమ్మ సగం మూగబోదా? ఈ ప్రశ్న మనం కాక ఎవరడుగుతారండీ?

బయటి నుంచి తెప్పించుకునేవాళ్ళకి ఇది డబ్బు సంగతి కూడా. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. అంత పోసి కొనేవాడికి షాపులో పట్టుకుని చూసే అవకాశమే లేదు. వాడికున్న దిక్కు రివ్యూ ఒక్కటే. ఆ రివ్యూ కూడా అట్టపెట్టె మూలలు నలగలేదని చెప్పి ఊరుకుంటే వాడి గతేంటి?

మా జిల్లావైపు వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్ర, లక్క రంగు బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు వచ్చిన ఊరు. అక్కడ బొంగరం కొనేవాడు ఏం చేస్తాడు? నేల మీద తిప్పి చూస్తాడు. తిరిగితే కొంటాడు, తూలితే ఇంకోటి తీస్తాడు. పావుగంటలో అయిపోయే ఆ బేరంలో ఉన్న ఇంగితం, తొంభై మార్కుల అక్రిలిక్ పెట్టెలో లేదు.

నా రోబో ఇప్పుడు హాల్లో టీవీ పక్కనుంది. నాన్న ఆ రెండో ఎడమ పలకని అరగదీసి, కుడివైపుకి సరిపోయేలా సరిచేశారు. సందు పూడింది, ట్రక్కు అయింది. రంగు అక్కడక్కడా పోయింది. కలెక్టర్ల లెక్కలో దాని విలువ సున్నా. ఇంటికెళ్ళినప్పుడల్లా మారుస్తున్నాను. ఇప్పటికి పద్నాలుగుసార్లు. ఎడమ భుజం కొంచెం లూజయింది.

ఇదీ రివ్యూ అంటే. మీ బీరువాలో సీల్డ్ పీసు ఏదైనా ఉంటే, వాపసు గడువు దాటకముందే విప్పి ఒక్కసారి మార్చి చూడండి. రెండూ ఎడంకాళ్ళేమో!