వార్నిషునకు ముహూర్తము

అనంతపురము సీమలో ఇల్లు కట్టుకొనువాడు పునాదిరాతి బేరమునకు ఒక నెలయు, బోరులో నీరు పడునో పడదో యను చింతకు ఒక యేడాదియు వెచ్చించును గాని, సింహద్వారమునకు రంగు వేయు పనికి మాత్రము గృహప్రవేశమునకు ముందటి రెండు దినములనే మిగుల్చును. పురోహితుడు వైశాఖమునందో జ్యేష్ఠమునందో లగ్నము నిశ్చయించి యుండును. వడ్రంగి చెక్కడపు పని ముగించి ఉలులు సంచిలో వేసికొనునప్పటికి ఆ లగ్నము వాకిటికి వచ్చి నిలుచును. పాలిష్ మేస్త్రి రాత్రి దీపము క్రింద ఆఖరి పూత పూయుచుండగనే తోరణము కట్టువారు నిచ్చెన తెత్తురు. తెల్లవారుజామున ఇల్లాలు ఇంకను పచ్చి ఆరని గడపకు పసుపు రాచి కుంకుమబొట్లు పెట్టును. ఎనామిలు ఒక్క పూటలో చేతికంటకుండ ఆరినట్లు కనబడినను లోలోపల గట్టిపడుటకు వారము పైబడి పట్టుననియు, అంతలో దానిపై బడిన పసుపు ఆ పొరలోనికే ఇంకి మరి వదలదనియు ఆమెకు చెప్పువారుండరు. పొర పెచ్చులై లేచిననాడు గృహస్థు డబ్బామీది కంపెనీని, మేస్త్రిని కలిపి తిట్టును. ఆ తిట్లలో అధికభాగము తిట్టినవానికే చెందవలసినదని నా యభిప్రాయము.

ఈ పీఠభూమి గాలి ఎట్టిదో తెలియక ఇచ్చట కొయ్యకు రంగు వేయరాదు. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అందును పెద్దపాలు భాద్రపద ఆశ్వయుజములలో. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండ. ఆషాఢ శ్రావణములలో రామగిరి కొండలపై గాలిమరలను త్రిప్పు పడమటిగాలి, దానివెంట వేరుసెనగ చేల ఎఱ్ఱమట్టి ధూళి. కొయ్యయో, కోసి ఎన్ని యేండ్లయినను, చుట్టునున్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకొనుచునే యుండును: గాలిలో ఆర్ద్రత 80 శాతమున్నచోట దానిలో నిలుచు తేమ సుమారు 16 శాతము, ఆర్ద్రత 30 శాతమునకు దిగినచోట సుమారు 6 శాతము. సముద్రతీరపు టడితిలో తేమ త్రాగిన పలక మన చైత్రపు గాలికి వచ్చి ఎండునప్పుడు నిలువున దాదాపు చలింపక అడ్డమున కుదియును. టేకువంటి నెమ్మదియైన కొయ్యలో సయితము వలయముల వెంబడి కలుగు కుదింపు, వానికడ్డముగా కలుగుదానికి రెట్టింపునకు మించును. అడుగు కదలిన పిదప పైపూత ఎంత ఖరీదైనదైనను సందులవద్ద వెంట్రుకవాసి చీలక మానదు. కావున కొని తెచ్చిన పలకలను ఇంటి నీడలోనే, పలకకును పలకకును నడుమ సన్నని బద్దలు పెట్టి గాలియాడునట్లు పేర్చి, కొన్ని వారములు ఊరకుంచవలెను. ఊరకుంచుటకు కూలి లేదు గనుక అది పనియే కాదని మనవారి భావము.

ఎండలో పూసినచో త్వరగా ఆరునని సంతసించువారు కలరు. ఆ త్వరయే ఇచ్చటి రోగము. థిన్నరు కుంచె విడిచి కొయ్యను చేరిన తక్షణమే ఎగిరిపోవుటచే, పూత తనంతట సమముగా పరచుకొనుటకు వ్యవధి చాలక కుంచెగీతలు అట్లే నిలిచిపోవును. స్ప్రే గన్నుతో చల్లినచో తుంపరలు గాలిలోనే సగమెండి గరుకుపొడియై వ్రాలును. ప్రొద్దుటి చల్లదనమున పూసి ఎండకు వదలిన తలుపులో, కొయ్య రంధ్రములందలి గాలి వేడికి వ్యాకోచించి బుడగలై పొంగును. అందుచేతనే అనుభవశాలియైన మేస్త్రి మొదటి పూతను ప్రొద్దు తిరిగి కొయ్య చల్లబడుచున్న వేళ నారంభించును, అప్పుడు లోపలి గాలి ముడుచుకొని పూతను తనవైపునకే గుంజును. వానల ఆశ్వయుజమున వచ్చు చిక్కు దీనికి విపరీతము. చపడా లక్కను స్పిరిట్టులో కరగించిన ఫ్రెంచి పాలిష్ గాని, నైట్రోసెల్యులోజు లాకరు గాని అప్పుడు పూసినచో, ద్రావకము ఎగురుచు ఉపరితలమును చల్లార్చగా గాలిలోని తేమ దానిపై దిగి తెల్లని మసక క్రమ్మును. ఇక ధూళి మాట. తలుపులు మూసి, నేలపై నీరు చల్లి, అది అణగిన పిమ్మట పూయుడని చెప్పినచో, ట్యాంకరు నీరు కొనుక్కొను వీధివారికి అది కఠినముగా తోపవచ్చును. కాని రేణువులు కూరుకొన్న తలుపును మరల గీకించుటకగు కూలిలో ఎన్ని బిందెల నీరు వచ్చునో వారే లెక్కించుకొందురు గాక.

మెఱుపుకంటె అడుగుపూత ముఖ్యమని మన కొయ్యపనివారు తరతరములుగా నెఱుగుదురు. కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యతో బొమ్మలు చేయువారు ముందుగా కొయ్యను సన్ననిసెగపై నుంచి తేమ హరింపజేయుదురు. పిమ్మట చేతులు కాళ్లు వేరువేరుగ చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన ముద్దతో అతికి, అతుకులు నునుపుచేసి, తెల్లసున్నము పూసి, అది యారిన తరువాతగాని రంగుకుంచె పట్టరు. బొమ్మ కొనువారము మనము చూచునది ఏనుగు అంబారీమీది ఎఱుపు. ఆ ఎఱుపు నిలుచుటకు కారణము దాని క్రిందనున్న తెలుపు. ఎటికొప్పాకలో మార్గము వేరు: అంకుడు కొయ్య తరిమెనపై తిరుగుచుండగా లక్కకణికను దానికొత్తినచో రాపిడివేడికి లక్క కరగి కొయ్యను పట్టును, మొగలి ఆకుతో దానికి మెఱుగు పెట్టుదురు. అందు థిన్నరు లేదు, ఆరుటకై నిరీక్షణ లేదు, గాలిలోని ధూళికి అవకాశమే లేదు. ఎటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక సూచిక లభించినది. సహజవర్ణములను మరల ఆ లక్కకు చేర్చుటకై పాటుపడిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చినది. మన సీమలోనే, 2022 వరకు ఈ జిల్లాలో నుండి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాకు చేరిన లేపాక్షిలో, అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయపు కప్పును చూడుడు: రాతికి సున్నపు గచ్చు పూసి సాపుచేసి దానిపై వేసిన వర్ణములు నాలుగున్నర శతాబ్దములకు పైబడి, వెలసియు, పెక్కుచోట్ల నిలిచియున్నవి. ప్రభుత్వపు హస్తకళల విక్రయశాలలకు ఆ గ్రామము పేరే పెట్టుకొన్నాము. ఆ గ్రామపు ఓర్పును మాత్రము మన తలుపులదాక రానిచ్చితిమి కాము.

అడుగుపూత యనగా కొయ్యకు ఏమి? నారవెంబడి ఉప్పుకాగితము రుద్దుట, ముతకదానితో మొదలిడి 220 నంబరుదాక క్రమము తప్పక దిగుట, మేకుల గుంటలు పూడ్చుట, దుమ్ము తుడుచుట, సీలరు పట్టించి, అది యారిన పిదప లేచిన నారను 320తో మెల్లగా నణచుట. చెక్కడపు పనిలో లోతులయందు పూత చేరి జారుడు కన్నీటిచారలగును గనుక అచ్చట కుంచెను దాదాపు పొడిగా నాడింపవలెను. టేకులో సహజమైన తైలము కలదు. అది వార్నిషును ఆరనీయదు, కావున పూతకు ముందు థిన్నరు గుడ్డతో తుడువక తప్పదు. తలనూనె చేతులతో తాకినచోటను, మైనమో సిలికోనో గల పాలిష్ సోకినచోటను పూత గుండ్రని గుంటలై విడిపోవును. దానిపై ఇంకొక పూత పూయుట వలన గుంట పెరుగునేగాని పూడదు. పచ్చియారని ఎనామిలుపై ఘాటైన థిన్నరుగల లాకరు పోసినచో క్రిందిది ముడుతలుపడి లేచును. ఈ కష్టములలో పెక్కింటిని మిగిలిన కొయ్యముక్కపై మొదట పూసి చూచినచో ముందుగనే కనిపెట్టవచ్చును. అయినను ఆ ముక్కలన్నియు అప్పటికే పొయ్యిక్రిందికి పోయియుండును.

మరియొక మాట చెప్పిన కొందఱికి కోపము రావచ్చును. పడమటి ముఖముగల తలుపునకు, టేకునార కనబడవలెనని, పారదర్శకమైన వార్నిషు పూయించుట ఈ యూరిలో డబ్బును ఎండకు ఆహుతిచేయుటయే. సూర్యకిరణములు ఆ స్వచ్ఛమైన పొరగుండ దూరి క్రిందనున్న కొయ్యపైతట్టునే శిథిలము చేయును. పట్టుకొనుటకు పునాది లేక పొర మొత్తముగా లేచిపోవును. రంగుపొడి గల పెయింటు ఆ కిరణములను అడ్డగించును. మన తాతలు వేపతలుపులకు పచ్చరంగో నీలిరంగో దట్టముగ వేయించుట రసజ్ఞత లేక కాదు. లోపలి పూజగది తలుపునకు, ఊయలబల్లకు క్లియర్ కోటు సొగసే. వీధి ఎండకు రంగే తగును.

ధర్మవరము దాపున నిమ్మలకుంట తోలుబొమ్మలకు, దీపపు వెలుగు వానిగుండ ప్రసరింపవలసియుండుటచే, రెండుప్రక్కలను వర్ణము వేయుదురు. వెలుగు ప్రసక్తి లేకున్నను తలుపునకును అదే విధి: ముందువైపు నాలుగు పూతలు పడి, వెనుకవైపు ఒకటి పడి, మీది అంచును క్రింది అంచును కొయ్యగానే మిగిలినచో, తేమ ఆ బోడి అంచులనుండి వచ్చుచు పోవుచు తలుపును వంకర త్రిప్పును. బిగింపకమున్నే అంచులకు పూయించువారిని నేను వ్రేళ్లపై లెక్కింపగలను.

ఇందులకు మేస్త్రిని నిందింపను. చదరపుటడుగునకింతయని బేరమాడి, ఆఖరి మెఱుపును చూచి డబ్బిచ్చునప్పుడు, కనబడని రుద్దుడునకు అతడు రెండు దినములేల ధారపోయును? మూడు వాయిదాలుగ ఇచ్చి, మొదటిదానిని రంగు డబ్బా మూత తీయకమున్నే, నునుపైన బోడికొయ్యను అఱచేత తడిమి చూచి ఇచ్చుట న్యాయము. కాలము మాటయు పంచాంగములోనే యున్నది. పుష్యమాసము శూన్యమాసమని శుభకార్యములు మానుదుము; కాని ఈ పీఠభూమిపై కొయ్యకు రంగు వేయుటకు అంతకంటె తగిన మాసము లేదు: వానలు వెనుకబట్టినవి, ధూళిగాలి లేదు, ఎండ మితము, గాలి మరీ పొడిబారలేదు, ముహూర్తములు లేనందున మేస్త్రియు తీరికగా నుండును. మాఘమున లగ్నము పెట్టుకొన్నవారు తలుపులను పుష్యారంభమునకే అతనికప్పగింపవచ్చును. సంక్రాంతి మూడు దినములు అతడు పనికి రాడు; ఆ మూడు దినములును సీలరు ఆరుటకే చెల్లును.