నేల కింద మంట పెట్టి చమురు తీస్తారు! కిలోమీటరు లోతున అసలేం జరుగుతుందో తెలుసా?

శంకర్‌పల్లి రోడ్డు మీద దొంతన్‌పల్లి దాటేటప్పుడు బండిలో పెట్రోల్ కొట్టించుకుంటాం. అందులో చాలా భాగం బయటి దేశాల ముడి చమురే. మన దేశం వాడే క్రూడ్‌లో 85 శాతానికి పైనే దిగుమతి. మరి సొంత నేలలో చమురు లేదా అంటే, ఉంది. కొన్నిచోట్ల అది పైకి రానంటోంది, అంతే.

గుజరాత్‌లోని మెహసానా సంగతే చూడండి. అక్కడి బలోల్, సంథాల్ క్షేత్రాల్లో ఓఎన్‌జీసీకి దొరికింది హెవీ క్రూడ్. ముదురు బెల్లం పాకంలా ఉంటుంది. దాదాపు 1,000 మీటర్ల లోతు. చుట్టూ నీటి ఒత్తిడి బలంగానే ఉన్నా, పల్చటి నీళ్లు చిక్కటి చమురును పక్కకు నెట్టేసి ముందుగా బావిలోకి వచ్చేస్తాయి. మామూలు పద్ధతిలో అయితే లోపలున్న చమురులో చాలా భాగం అక్కడే మిగిలిపోతుంది. అందుకే 1990లో బలోల్‌లో ప్రయోగం మొదలుపెట్టారు. బావిలో మంట రాజేసి, కంప్రెసర్లతో గాలి పంపారు. ఫలితం బాగుండటంతో 1997 నుంచి పెద్ద ఎత్తున చేశారు. దీన్నే ఇన్‌సిటు కంబషన్ అంటారు. రుమేనియాలోని సుప్లాకు దె బర్కావ్‌లో అయితే 1960ల నుంచే ఈ పని నడుస్తోంది.

చమురునే కాల్చేస్తే ఇక మిగిలేదేంటి? ఈ డౌట్ అందరికీ వస్తుంది. నిజానికి కాలేది లోపలున్న దాంట్లో సుమారు 5 నుంచి 10 శాతం. అది కూడా పనికొచ్చే భాగం కాదు. మంట ముందు వేడికి చమురులోని తేలిక భాగాలు ఆవిరై ముందుకు పోతాయి. బరువైన అణువులు విరిగి చిన్నవి అవుతాయి. చివరికి రాతి గింజలకు అంటుకుని మిగిలేది కోక్, అంటే మూకుడు అడుగున పట్టే మాడు లాంటిది. మంటకు మేత అదే. అది కాలుతూ కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, నీటి ఆవిరి ఇస్తుంది. ఆ వేడి, ఆ గ్యాసులు కలిసి పల్చబడిన చమురును పక్క బావుల వైపు తోస్తాయి. సగం రిఫైనరీ పని నేల కిందే అయిపోతుందన్నమాట!

అయితే ఇక్కడే అసలు చిక్కు. వేడి చాలకపోతే కథ అడ్డం తిరుగుతుంది. బజ్జీల బండి దగ్గర ఒకే నూనెను పొద్దస్తమానం కాచితే ఏమవుతుంది? చిక్కబడుతుంది, నల్లబడుతుంది. లోపల కూడా దాదాపు అంతే. సుమారు 300 డిగ్రీల లోపు అయితే ఆక్సిజన్ చమురును కాల్చదు, దానికి అతుక్కుంటుంది. ఆల్డిహైడ్లు, కీటోన్లు, ఆమ్లాలు పుడతాయి. చమురు ఇంకా చిక్కబడుతుంది. నీళ్లతో కలిసి విడదీయలేని నురగలా తయారవుతుంది. ఆమ్లాలు పైపులను తినేస్తాయి. 350 డిగ్రీలు దాటి మంట నిలబడితేనే లాభం. అంటే ఎంత గాలి పంపాలన్నదే మొత్తం ఆట. తక్కువైతే మంట చల్లారి చమురు పాడవుతుంది. గాలి దారి తప్పి, కాలని ఆక్సిజన్ ఉత్పత్తి బావిలోకి చేరితే పేలుడు ప్రమాదం. అందుకే పైకొచ్చే గ్యాసులో ఆక్సిజన్ ఎంతుందో కొలుస్తూనే ఉండాలి.

మన కేజీ బేసిన్‌లో కూడా ఇదే చేయొచ్చుగా అని అడిగేవాళ్లున్నారు. అవసరం లేదు. అక్కడి చమురు ఇంత బరువైంది కాదు. 2024 జనవరిలో కాకినాడ సముద్రంలో ఓఎన్‌జీసీ తీసిన చమురుకు ఉన్న తంటా మైనం. చల్లబడితే గడ్డకడుతుంది. దానికి పైపును వెచ్చగా ఉంచితే చాలు.

హెవీ క్రూడ్ బరువు మనకు తగిలేది విశాఖలో. 83 లక్షల టన్నుల హెచ్‌పీసీఎల్ రిఫైనరీని 1.5 కోట్ల టన్నులకు పెంచుతూ, అడుగున మిగిలే మడ్డిని డీజిల్ లాంటి వాటిగా మార్చే యూనిట్ కూడా పెట్టుకున్నారు. బరువైన అణువులను విరగ్గొట్టడం అక్కడా తప్పదు. కాకపోతే అక్కడ స్టీలు గోడల మధ్య, హైడ్రోజన్ ఇచ్చి, కళ్ల ముందు చేస్తారు. మెహసానాలో కంటికి కనిపించని రాతిలో చేయాలి.

మంట లోపలే ఉంటుంది కాబట్టి కాలుష్యం లేదనే మాట మాత్రం నమ్మొద్దు. కార్బన్ డయాక్సైడ్ చివరికి బావుల నుంచి పైకే వస్తుంది. దిగుమతి బిల్లు తగ్గిందని లెక్క చెప్పేటప్పుడు కంప్రెసర్లకయ్యే కరెంటు, ఈ పొగ కూడా అదే కాగితం మీద చూపించాలి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండటం కోనసీమ చూసింది. అది అదుపు తప్పిన మంట, ఇది కావాలని పెట్టే మంట. రెండూ ఒకటి కావు, నిజమే. కానీ బావి పక్కన బతికే ఊరికి ఆ తేడా ముందే విడమరిచి చెప్పాల్సిన బాధ్యత తవ్వేవాళ్లదే.