అగ్నిసాక్షి చాలదట!

మా పిన్ని కూతురి పెళ్ళి పశ్చిమగోదావరి జిల్లాలోని ఒక పల్లెలో, జ్యేష్ఠమాసంలో, ఆరువందల మంది భోజనాల నడుమ జరిగింది. వరుడు మెల్‌బోర్న్‌లో ఉద్యోగి. మూడు వారాల సెలవు మీద వచ్చాడు. తాళి కట్టాడు, తలంబ్రాలు పోశాడు, అరుంధతిని చూపించాడు. అంతటితో ఊరికి సందేహం తీరింది. ఆస్ట్రేలియా ప్రభుత్వానికి మాత్రం తీరలేదు. ఈ దాంపత్యం నిజమైనదేనని నిరూపించుకోమంది. ఆ నిరూపణకు కావలసిన దస్త్రం తయారుచేసే భాగ్యం నాకు దక్కింది. అందుకే నాలుగు మాటలు కటువుగానే చెప్పదలచుకున్నాను.

ముందు అవతలివారి వాదం చెప్పుకోవడం న్యాయం. పెళ్ళి చెల్లడం వేరు, నిజమైనది కావడం వేరు అంటారు వారు. మన 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం, సప్తపది ఆచారంగా ఉన్నచోట ఏడవ అడుగుతో వివాహం సంపూర్ణమవుతుంది. రిజిస్ట్రేషను చేయించనంత మాత్రాన అది చెల్లకుండా పోదు. కానీ ఆస్ట్రేలియాకు ఆ చెల్లుబాటు ఒక్కటే చాలదు. అన్యులకు తావులేని ఉమ్మడి జీవితానికి ఇద్దరూ కట్టుబడి ఉన్నారా, ఆ బంధం నిజమైనదీ కొనసాగుతున్నదీయేనా అని వారి 1958 నాటి వలస చట్టం అడుగుతుంది. దాన్ని తూచడానికి 1994 నాటి నిబంధనలు నాలుగు తూకపురాళ్ళు పెట్టాయి: ఆర్థిక వ్యవహారాలు, కాపురం తీరు, సంఘంలో గుర్తింపు, పరస్పర నిబద్ధత. ఇంటిపని ఎలా పంచుకుంటున్నారో, ఒకరికొకరు మానసికంగా ఎంత ఆలంబనగా ఉన్నారో చూడాలని కూడా అందులో ఉంది.

చదవడానికి సమంజసంగానే ఉంది. మా పిల్ల కాపురాన్ని ఆ రాళ్ళతో తూచబోయినప్పుడే అసలు సంగతి బోధపడింది.

పెళ్ళికి ముందు పరిచయానికి ఆధారాలు అడిగారు. పెళ్ళిచూపులలో పావుగంట మాట్లాడుకున్నారు, ఆపైన నిశ్చితార్థం. ఇద్దరూ కలిసి ఎక్కడా తిరగలేదు. పెద్దల మాట మన్నించి పాటించిన ఆ మర్యాదే ఇప్పుడు దస్త్రంలో ఖాళీ కాగితమైంది. ఉమ్మడి బ్యాంకు ఖాతా లేదు. సెలవులో చివరి వారం వేరువేరు ఇళ్ళలో ఎందుకున్నారని మరో ప్రశ్న. ఆషాఢం వచ్చింది కనుక! కొత్త కోడలు, అత్తగారు ఆ నెలలో ఒకే గడప దాటరాదన్న ఆచారాన్ని వివరిస్తూ నేను రెండు పేజీల లేఖ రాశాను. ఇక ఫోను సందేశాలు. అవి "ఏమండీ" అని మొదలై "భోంచేశారా" అని ముగుస్తాయి. వాటిలో అనురాగమేదని అడిగేవారికి ఏం చెప్పను? పరాయి దేశంలో ఒంటరిగా వండుకు తినే మనిషిని ప్రతి రాత్రీ ఆ మాట అడగడం కన్నా ఆలంబన మరేముంటుందో నాకు తెలియదు.

సంఘంలో గుర్తింపు కింద చదివింపుల పుస్తకం నకలును అనువాదంతో సహా జతపరిచాను. పేరు, ఊరు, 116 మొదలు 1,116 దాకా ఎవరెంత చదివించారో అందులో ఉంది. ఈ పెళ్ళిని నమ్మి సొమ్ము చెల్లించిన సాక్షుల జాబితా అది. దాని గురించి ఒక్క ప్రశ్న రాలేదు. జంటను ఎరిగిన ఇద్దరు 888 నంబరు ఫారం మీద ఇచ్చిన వాఙ్మూలాలలో మాత్రం వివరాలు చాలలేదన్నారు.

అప్పుడొక సలహాదారు ఉపాయం చెప్పాడు. అల్లుడు మళ్ళీ వచ్చినప్పుడు ఒకే రోజున నాలుగు చీరలు మార్చి, నాలుగు చోట్ల ఫొటోలు తీయించమన్నాడు. "నిజం పెళ్ళికి దొంగ ఫొటోలా అన్నయ్యా?" అంది మా చెల్లెలు. ఒప్పుకోలేదు.

నా వాదమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. వీసా కోసం దొంగపెళ్ళి చేసుకొనేవాడు మొదటి రోజునుంచే దస్త్రం పెడతాడు. ఉమ్మడి ఖాతా తెరుస్తాడు, రసీదులు దాస్తాడు, నవ్వుతూ ఫొటోలు దిగుతాడు. నిజంగా కాపురం చేసేవాళ్ళకు ఆ ధ్యాసే ఉండదు. అబద్ధాన్ని పట్టడానికి పన్నిన వలలో అబద్ధం తెలివిగా తప్పుకొంటుంది, అమాయకత్వం చిక్కుతుంది.

ఈ అనుమానం నిన్న మొన్నటిది కాదు. 1979లో, పెళ్ళాడబోయే వాడిని చేరడానికి హీత్రూ విమానాశ్రయంలో దిగిన ఒక భారతీయ స్త్రీకి అధికారులు కన్యాత్వ పరీక్ష చేయించారు. ఈ పెళ్ళి ప్రధానోద్దేశం వలస కాదని దరఖాస్తుదారే నిరూపించాలన్న నిబంధనను బ్రిటన్ 1997లో గాని ఎత్తివేయలేదు. లేని ఉద్దేశాన్ని లేదని ఎవరైనా ఎలా నిరూపిస్తారు?

"కాగితాలు సరిగ్గా పెట్టుకుంటే పోయేదానికి ఇంత గొడవెందుకు?" అనే మిత్రులున్నారు. ఈ దరఖాస్తు రుసుము 9,000 ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. తిరస్కరిస్తే సాధారణంగా తిరిగి రాదు. ఆ ఎదురుచూపు కాలమంతా "ఇంకా తీసుకువెళ్ళలేదా?" అన్న ఊరి ప్రశ్నకు తలవంచుకొనేది అల్లుడు కాదు, ఆడపిల్ల.

తనిఖీలే వద్దని నేననను. అక్కడొక భార్యను దాచి ఇక్కడ మరో పిల్ల మెడలో తాళి కట్టే ఘనులు మనవాళ్ళలోనూ ఉన్నారు. బేరం కుదుర్చుకొని పెళ్ళిళ్ళు చేసుకొనేవారూ ఉన్నారు. వీరి పాపం నిజమైన జంటల మీద పడుతోందని మనం ఒప్పుకొని తీరాలి. పూర్వ వివాహాల గురించి అధికారులు గుచ్చి గుచ్చి అడగనీ, అది మన పిల్లలకే రక్ష. మనమూ పెళ్ళికాగానే రిజిస్ట్రేషను చేయించాలి. 2002 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దానికి చట్టమే ఉంది. నేను కోరేది ఒక్కటే: ఏ సమాజపు పెళ్ళిని ఆ సమాజపు సాక్ష్యంతో తూచండి. మీకు చదవరాని పుస్తకాన్ని ఖాళీ పుస్తకమనకండి.

చివరకు వీసా వచ్చింది కనుక ఇది అక్కసుతో అంటున్న మాట కాదు. వెళ్ళేముందు మా చెల్లెలు ఆ లావుపాటి దస్త్రాన్ని నాకే ఇచ్చేసింది. చదివింపుల పుస్తకాన్ని మాత్రం మా పిన్ని బీరువాలో భద్రపరిచింది. ఆ ఇళ్ళలో పెళ్ళిళ్ళకు తిరిగి చదివించవలసింది ఉంది మరి.