శివారు దాక పారవలసిన విద్య

1855లో బెజవాడ సీతానగరముల నడుమ ఆనకట్ట నిలిచిన నాటినుండి కృష్ణా డెల్టా రైతు నోట నానుచున్న మాట ‘శివారు’. తలకాలువ చెంత పొలము పచ్చగా నున్నంత మాత్రమున నీరు చక్కగా పారినదని పెద్దలెవ్వరు నొప్పుకొనరు; చిట్టచివరి మడి తడిసిన నాడే పారినట్లు లెక్క. విశ్వవిద్యాలయమునకును ఇదియే కొలబద్ద యని నా దృఢవిశ్వాసము.

1926లో కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రథమోపాధ్యక్షులుగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మన బెజవాడలోనే జన్మించి, 1930లో వాల్తేరునకు తరలిపోగా, ఇచ్చటి బిడ్డలు పైచదువులకై రైలెక్కి సముద్రతీరమునకు పోవలసి వచ్చెను. 1967లో గుంటూరున వెలసిన స్నాతకోత్తర కేంద్రము 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమై, విజయవాడ గుంటూరుల నడుమ రాజమార్గము ప్రక్కన నిలిచిన పిదప గాని ఆ దూరము తగ్గలేదు. ఏ సిద్ధాంతమునైనను పరీక్షింపక అంగీకరింపని మాధ్యమిక దర్శనకర్త నామము దానికి సముచితాభరణము.

మొన్నొక ఉదయము గుంటూరు బస్సులో నా ప్రక్కన కూర్చున్న బాలిక, ఒడిలో అన్నపు క్యారేజీ, దానిమీద నోటుపుస్తకము నుంచుకొని, వారధి దాటి, మంగళగిరి గడచి, కాజ వచ్చువరకు, గాలికి రెపరెపలాడు పుటను మునివ్రేళ్ల నదిమిపట్టి చదువుచునే యుండెను. దివిసీమలో కౌలురైతు కూతురట. నగరమున పిన్నిగారింట నుండి ఈ విశ్వవిద్యాలయమునకు వచ్చిపోవుచున్నదట. ఇంటిలో పదవ తరగతి దాటినవారు వేఱొకరు లేరట. “సాయంత్రం దాకా లైబ్రరీలోనే ఉంటానండీ. నలుగురం కూర్చుని వాదించుకుంటేనే నాకు పాఠం తలకెక్కుతుంది” అనెను.

విశ్వవిద్యాలయ తత్త్వమంతయు ఆ మాటలో నున్నది. విజ్ఞానశాస్త్రములు, న్యాయము, వాణిజ్యము, ఇంజనీరింగు, మహాయాన బౌద్ధాధ్యయనము ఒక్క ప్రాంగణమున కొలువుదీరుట పట్టాల సంఖ్య పెంచుటకు గాదు; భౌతికశాస్త్రము చదువువాడు తెలుగు ఎం.ఏ. మిత్రునితో ఒకే గదిలో నివసించి, ఒకే పంక్తిని భుజించి, అర్ధరాత్రి దాక తర్కించి, తన యూరు, తన కులము, తన పాఠ్యగ్రంథము లోకమునకు హద్దులు కావని గ్రహించుటకు.

అట్టి చోట ఆచార్యుల కొలువులు ఏండ్ల తరబడి నిండకుండుట రాష్ట్రమందలి విశ్వవిద్యాలయములన్నిటికిని పట్టిన వ్యాధి. తాత్కాలికాధ్యాపకులెంత శ్రమించినను, రేపటి జీతమునకు భరోసా లేనివారు పదేండ్ల పరిశోధన నెట్లు తలపెట్టగలరు? ప్రభుత్వము శాశ్వతాచార్యులను నియమించుట ప్రథమకర్తవ్యము. గ్రంథాలయమునకును, వసతిగృహములకును కొఱత రానీయకుండుట ద్వితీయము. ఇంటర్మీడియెటు ర్యాంకులకై లక్షలు వెచ్చించు మన నగరవాసులకును బాధ్యత కలదు: బిడ్డకు ఉద్యోగమెప్పుడు వచ్చునని యడుగుటతో పాటు, ఆచార్యుడున్నాడా, గ్రంథాలయము తెఱచియున్నదా యనియు నడుగవలెను.

డబ్బుగలవాని బిడ్డకు వేయి దారులు కలవు. కౌలురైతు కూతురికున్నది ఆ బస్సు, ఆ గ్రంథాలయము. కాలువలో నీరు తగ్గినపుడు ముందుగా నెండునది శివారు మడియే గదా!