మైకు ఇచ్చి నోరు నొక్కితే ఎలా?

బడిపిల్లలతో పాడ్‌కాస్టులు చేయించి పౌరశాస్త్రం, అభిప్రాయ వ్యాసం నేర్పుదామంటే చాలు, మనవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టుకు కావాల్సింది స్టూడియో, మైకులు, ‘డిజిటల్ నైపుణ్యాలు’. రెండో జట్టుది సెల్‌ఫోన్ల బెంగ, బడిలో రాజకీయాలెందుకన్న గొణుగుడు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 29ని మాత్రం ఏ జట్టూ తెరిచి చూడదు. పాడ్‌కాస్టులు పెట్టాల్సిందే. అయితే ఆ సెక్షన్‌ను పక్కనపెట్టి పెడితే అవి ఎందుకూ కొరగావు.

ఈ చట్టం పేరెత్తితే అందరికీ గుర్తొచ్చేది ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లే. కానీ దాని సెక్షన్ 29(2)లో ‘జి’ క్లాజు ఒకటుంది. పిల్లల్ని భయం, ఆందోళనల నుంచి విముక్తం చేయాలి, తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పేలా తోడ్పడాలి అంటుందది. పాఠ్యప్రణాళికనూ మూల్యాంకన పద్ధతినీ నిర్ణయించేవారు దీన్ని పరిగణనలోకి తీసుకోవాలన్నది చట్టం ఆదేశం. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు 2010 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. కాబట్టి పిల్లలతో అభిప్రాయం చెప్పించడం ఏ అధికారో దయతలచి మంజూరు చేయాల్సిన కొత్త ప్రయోగమేమీ కాదు. ఏళ్ల తరబడి చెల్లించని బాకీ.

ఆచరణలో జరుగుతున్నదేమిటి? ‘మీ అభిప్రాయం రాయండి’ అన్న ప్రశ్నకు కూడా గైడులో జవాబు అచ్చయి ఉంటుంది. పిల్లవాడు దాన్ని బట్టీపట్టి దించుతాడు, మార్కులు పడతాయి. ఆగస్టు 15న మాస్టారు రాసిచ్చిన ఉపన్యాసాన్ని అమ్మాయి గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతుంది, పెద్దలు చప్పట్లు కొడతారు. ఇదే తంతును మైకు ముందుకు జరిపి పాడ్‌కాస్ట్ అని పేరు పెడితే ‘జి’ క్లాజు అమలైనట్లా?

సరిగ్గా చేయిస్తే పాడ్‌కాస్ట్ నేర్పేది చాలా ఉంది. ఇదే చట్టం సెక్షన్ 21 ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. మన బడి కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? నిధుల లెక్క ఎవరు చూశారు? ఏడో తరగతి పిల్లలు ఈ ప్రశ్నలతో కమిటీ సభ్యురాలిని, హెడ్మాస్టరును, వంట చేసే అమ్మను కలిసి మాట్లాడనివ్వండి. విన్నది రికార్డు చేసి, అవతలివారి వాదన కూడా వినిపించి, చివర తమ మాట చెప్పాలి. ఆధారం లేని వాక్యం కాగితం మీద దాక్కుంటుంది, చెవికి మాత్రం వెంటనే దొరికిపోతుంది. ఆ రికార్డింగు విన్నాక రాయించే వ్యాసం ఏ గైడులోనూ దొరకదు.

పల్లె పిల్లలకు ఇంత చేతకాదనేవారు జహీరాబాద్ దగ్గరి మాచనూరు వెళ్లి చూడాలి. అక్కడి దళిత మహిళలు 2008లోనే ‘సంఘం రేడియో’ అనే కమ్యూనిటీ రేడియోను నడపడం మొదలుపెట్టారు. పల్లె తల్లులకు చేతనైనది పల్లె పిల్లలకు చేతకాదా?

పిల్లల గోప్యత సంగతేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబూ తేలికే. రికార్డింగును ఇంటర్నెట్‌లో పెట్టనక్కర్లేదు. తరగతిలోనో, తల్లిదండ్రుల సమావేశంలోనో వినిపిస్తే చాలు. ఫోను టీచరుది, పిల్లల పేర్లు అవసరం లేదు. ఇక బడిలో రాజకీయాలంటారా? మధ్యాహ్న భోజనంలో పప్పు నీళ్లలా ఉందనడం రాజకీయమైతే, పౌరశాస్త్రం పుస్తకాన్ని అటకెక్కించడమే నిజాయతీ.

అసలు భయం పిల్లలు తప్పు మాట్లాడతారని కాదు, నిజం మాట్లాడతారని. అందుకే ముందుగా స్క్రిప్టు చూపించమంటారు, అధికారిని నొప్పించే వాక్యం కొట్టేయిస్తారు, మిగిలినదానికి బహుమతి ఇస్తారు. అభిప్రాయం చెప్పిన పిల్లను నిలదీసే బడి, చెప్పించిన టీచరుకు మెమో ఇచ్చే కార్యాలయం ‘జి’ క్లాజును ఉల్లంఘిస్తున్నట్లే. విద్యాశాఖ మైకులకు టెండర్లు పిలిచే ముందు ఒక్క సర్క్యులర్ ఇవ్వాలి: పిల్లల అభిప్రాయాన్ని ఎవరూ దిద్దకూడదు, ఆధారం ఉందా లేదా అన్నదాన్ని బట్టే మార్కులు వేయాలి, ఏ టీచరు మీదా చర్య ఉండదు. ఆ సర్క్యులర్ మీద సంతకం పెట్టే ధైర్యం లేకపోతే మైకులు కొనకండి. ప్రజల డబ్బయినా మిగులుతుంది.